విశ్రాంతిలో నూట ముప్పై

ఈ బనియన్‌ను వాషింగ్ మిషన్‌లో వేయకూడదు. గోరువెచ్చని నీళ్లలో చేత్తో మెల్లగా ఉతకాలి. పిండకూడదు. ఎండలో వేయకూడదు. నా గుండె ఎందుకు అలసిపోతోందో కనిపెట్టడానికి ఇచ్చిన బట్ట, ఉన్న పనులకు తోడు ఇంకో పని తెచ్చిపెట్టింది. స్నానాల గదిలో పీట మీద కూర్చుని దాన్ని ఉతుకుతుంటే, అత్తయ్య గుమ్మంలో చేతికర్ర ఆనించుకుని నిలబడి, "ఈ రోజుల్లో బనియన్లకి కూడా తెలివితేటలొచ్చాయటగా. మనుషులకే రావట్లేదు," అన్నారు. ఆ మనుషులెవరో చెప్పలేదు. ఇంట్లో అప్పుడు మేమిద్దరమే ఉన్నాం.

చూడడానికి అది మామూలు చేతుల్లేని బనియనే. రొమ్ముల కింద మాత్రం వెండిరంగు దారాలతో నేసిన రెండు పట్టీలుంటాయి. వాటిని తడిచేసి తొడుక్కుంటే చర్మానికి అతుక్కుని గుండె కొట్టుకునే తీరును పట్టుకుంటాయి. పక్కన బిగించిన అగ్గిపెట్టెంత డబ్బా ఆ అంకెల్ని క్లినిక్‌కీ, ఒక ఫోన్‌కీ పంపిస్తుంది. ఆ ఫోన్ నాది కాదు, మా వారిది. "నీ ఫోన్‌లో పెట్టుకుంటే ఊరికే చూసుకుని కంగారుపడతావు," అన్నారు.

ఇదంతా ఉద్యోగం వల్ల వచ్చింది. పిల్ల హాస్టల్‌కి వెళ్లిపోయాక, ఇన్నాళ్లకు, మా వీధి చివరి స్కూల్లో లైబ్రరీ చూసుకునే పని నాకు దొరికింది. చేరే ముందు డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. ఆ పరీక్షలో గుండె మధ్యమధ్య లయ తప్పుతోందని అనుమానం వచ్చి, కొన్నాళ్లు ఈ బనియన్ వేసుకోమన్నారు. వివరాలు ఎక్కించుకుంటూ క్లినిక్ అమ్మాయి, "రోజంతా ఏం చేస్తుంటారు మేడం?" అని నన్నడిగింది. "ఏం చేయదమ్మా, ఇంట్లోనే ఉంటుంది," అని ఆయన చెప్పారు. ఆ అమ్మాయి కంప్యూటర్లో ఏదో నొక్కింది. ఏం నొక్కిందో అప్పుడు నేను చూడలేదు.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అంకె బాగా పెరిగితే ఆఫీసులో ఆయన ఫోన్ చప్పుడు చేస్తుంది. ఆ వెంటనే ఇంట్లో నాది మోగుతుంది.

"నూట ముప్పై అంటోంది. ఏం చేస్తున్నావ్?"

"మోటారు పాడైందిగా. కింద నుంచి నీళ్లు మోస్తున్నాను."

"మధ్యలో కాసేపు కూర్చోవచ్చుగా? నీకు ఒంటి మీద బొత్తిగా శ్రద్ధ లేదు." వెంటనే, "అన్నట్టు నా నీలం చొక్కా ఇస్త్రీ చేశావా? రేపు మీటింగుంది," అన్నారు.

చేస్తానన్నాను. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ అంకె కాస్త దిగిందట. సాయంత్రం ఇంటికి వస్తూనే, "చూశావా, నేను చెప్పాక తగ్గింది," అని సంతోషపడ్డారు. ఆ సంతోషం నటన కాదు. నాకు ఊపిరాడనివ్వనిది అదే. కోపంగా అడిగేవాళ్లకు కోపంగా జవాబు చెప్పొచ్చు. ప్రేమగా అడిగేవాళ్లకు ఏం చెప్పాలి?

ఇన్నేళ్ల కాపురంలో ఎవరూ అడుగుపెట్టని చోటు నాకొకటి ఉండేది. పైకి "అలాగే అత్తయ్యా," "సరేనండీ" అంటూనే, లోపల నేను అందరికీ గట్టిగా జవాబులు చెప్పేదాన్ని. అక్కడ నాకు గొంతు ఉండేది, విసుగు ఉండేది, ఒక్కోసారి వెక్కిరింపు కూడా ఉండేది. వాటిలో ఏదీ ముఖం మీదికి రానివ్వకపోవడం నేను కష్టపడి నేర్చుకున్న విద్య. ఒకరోజు టీ వేళ అత్తయ్య పక్కింటావిడతో, "మా కోడలి డిగ్రీ దేనికి పనికొచ్చిందంటావ్? వంటింటి డబ్బాల మీద పేర్లు రాయడానికి," అని నవ్వారు. నేనూ నవ్వి కప్పులు అందించాను. రాత్రి భోజనాల దగ్గర ఆయన, "ఇవాళ టీ టైములో ఉన్నట్టుండి పెరిగింది. ఎవరి మీదే కోపం?" అని అడిగారు.

"ఎవరి మీదా లేదండీ."

"నువ్వు అబద్ధం చెప్పినా ఇది చెప్పదు," అని ఫోన్‌ను వేలితో తట్టారు. అత్తయ్య కంచంలోంచి తలెత్తి నావైపు చూశారు. అప్పటి నుంచి నేను లోపల కూడా మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాను.

ఆదివారం ఆయన స్నేహితులు వచ్చారు. "మా ఆవిడ గుండె ఇప్పుడు నా జేబులో ఉందిరా," అని ఫోన్ తీసి చూపిస్తే అందరూ గొల్లున నవ్వారు. "అదృష్టవంతురాలివి చెల్లెమ్మా," అన్నాడు ఒకాయన. ట్రేలోని టీ ఒలక్కుండా, ఆ జేబులోని అంకె పెరగకుండా, రెండూ ఒకేసారి చూసుకోవాల్సి వచ్చింది.

మళ్లీ క్లినిక్‌కి వెళ్లిన రోజు డాక్టర్ తెరను మా వారివైపు తిప్పి మాట్లాడారు. "లయ అప్పుడప్పుడు తప్పడం చాలామందిలో ఉండేదే, దానికి భయం లేదు. నాకు నచ్చనిది ఈ వేగం. విశ్రాంతిలో ఉన్న మనిషికి నూట ముప్పై ఎందుకుండాలి? ఉద్యోగం ఇప్పుడే వద్దు. ఇంకో వారం చూసి మాత్రలు మొదలుపెడదాం. అప్పటిదాకా బాగా విశ్రాంతి తీసుకోమనండి."

నేను కుర్చీలో ముందుకు వంగి చూశాను. తెర నిండా ఎగుడుదిగుడు గీతలు. ఎత్తుగా లేచిన ప్రతి గీత కిందా ఒకటే మాట: విశ్రాంతి. ఆ రోజు క్లినిక్ అమ్మాయి నొక్కింది ఇదన్నమాట. చూస్తుంటే ఆ గీతలన్నీ నాకు తెలిసినవే అనిపించాయి. ఈ మొదటిది అత్తయ్యను మంచం మీంచి లేపి స్నానానికి నడిపించడం. దాని పక్కది బకెట్లతో మూడో అంతస్తు. ఆ వెడల్పాటిది దుప్పట్లు పిండడం. సూదిమొనలా ఒంటరిగా లేచింది, ఆయన మర్చిపోయిన ఫైలు కోసం గేటు దగ్గర్నుంచి కేకేస్తే మెట్లు దిగి పరుగెత్తడం. ఎవరి కంటికీ ఆనని నా పనిని మొదటిసారి ఒకరు గీసి చూపించారు. గీసి, కింద పేరు తప్పు రాశారు.

"డాక్టర్ గారూ, అది విశ్రాంతి కాదండీ..." అన్నాను.

మా వారు నా మోచేయి పట్టుకుని లేపారు. "బయట చాలామంది ఉన్నారు, పద. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

దారిలో ఆయనే మాట్లాడారు. "ఇంట్లో ఊరికే ఉంటేనే ఇలా కొట్టుకుంటోంది. రోజూ బయటికెళ్తే ఏమవుతావో ఆలోచించావా? స్కూలు వాళ్లకి నేనే ఫోన్ చేసి రాదని చెప్పేస్తాలే."

"ఈ వారం ఆగండి," అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా అంకె లేస్తుందని తెలుసు. లేస్తే, ఆయన మాటే నిజమవుతుంది.

మర్నాడు అత్తయ్యకు స్నానం చేయించి, తిండీ మందులూ ఇచ్చి, వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. సింకులోంచి గిన్నెలు పిలుస్తున్నాయి. తీయని పక్కబట్టలు గదిలోంచి తొంగి చూస్తున్నట్టున్నాయి. ఎవరో వచ్చి పట్టుకుంటారన్నట్టు రెండుసార్లు లేవబోయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పట్టీల కింద గుండె దడదడలాడింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అత్తయ్య గదిలోంచి అడిగారు.

"బాగానే ఉంది అత్తయ్యా."

"మరి కూర్చున్నావే?"

జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది.

"మళ్లీ పెరిగింది. ఏం మోస్తున్నావ్?"

"ఏమీ మోయట్లేదు. కూర్చున్నాను."

"కూర్చుంటే ఎందుకలా కొట్టుకుంటుంది?"

"అలవాటు లేకండీ."

ఆయన ఇంకేదో అడగబోయారు. "అలవాటవుతుందిలెండి," అని నేనే పెట్టేశాను.

అలవాటైంది. రోజూ అత్తయ్య పనులు చూసి, ఆవిడకీ నాకూ సరిపడా వండి, అక్కడితో ఆపేశాను. గిన్నెలు పేరుకున్నాయి. ఆయన చొక్కాలు ముడతలతోనే ఆఫీసుకు వెళ్లాయి. అడిగినప్పుడల్లా, "డాక్టర్ గారు విశ్రాంతి అన్నారుగా," అనేదాన్ని. డాక్టర్ మాట కాబట్టి ఆయన సర్దుకుపోయారు. అత్తయ్య మాత్రం, "నీ పెళ్లాం కుర్చీకి మేకు కొట్టుకుందిరా," అని కొడుక్కి ఫిర్యాదు చేశారు. వారం సగం గడిచేసరికి ఆయన ఫోన్ చప్పుడు చేయడం మానేసింది. నేను లోపల మళ్లీ గట్టిగా మాట్లాడుకుంటున్నాను. అయినా అది నోరెత్తలేదు.

క్లినిక్‌కి వెళ్లాల్సిన ముందు సాయంత్రం ఆయన గుమ్మంలోంచే ఫోన్ ఊపుతూ వచ్చారు. "డెబ్బై నాలుగు! నీకేం లేదే, అంతా సర్దుకుంది! హమ్మయ్య." సాక్సులు విప్పి సోఫా కిందికి విసిరి, "ఇంక మామూలుగా ఉండొచ్చు. ఆ సింకు చూడు ఎలా ఉందో! లే, ముందు టీ పెట్టు," అన్నారు.

నేను లేవలేదు.

"రేపు క్లినిక్‌కి నేనొక్కదాన్నే వెళ్తానండీ. డాక్టర్‌తో నేనే మాట్లాడతాను. అటునుంచి అటే స్కూలుకి వెళ్లి చేరతాను."

ఆయన నా ముఖంవైపు చూడలేదు. గబగబా ఫోన్ తీసి, అంకె లేస్తుందేమోనని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. అది డెబ్బై నాలుగు దగ్గరే ఉంది.