నాలుగు హద్దుల నడుమ దొంగ

మధ్యాహ్నం మూడు గంటలకు, దొంగ ముందుగదిలో బీరువాలు గాలిస్తుండగా, దస్తావేజు లేఖరి గారు సతీసమేతంగా స్నానాలగదిలోకి వేంచేసి గడియ పెట్టుకున్నారు. ఆ గడియ ఒక్క తన్నుకు ఊడి వచ్చే రకమని దంపతులిద్దరికీ తెలుసు. నోరు విప్పితే దొంగ వింటాడు. కనుక అత్యవసర నంబరుకు మెసేజి కొట్టాలి. కళ్ళజోడు వంటింట్లో మరచిన భార్య ఆ కార్యభారాన్ని భర్తకు అప్పగించి, ఆయన చెవిలో, "త్వరగా కానీండి" అని ఊదింది.

ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళ అమ్మకపు పత్రాలు రాసిన ఆ వేళ్ళకు తొందర అనేది పరాయి విద్య. "మహారాజశ్రీ అత్యవసర సేవాధికారి వారి దివ్యసముఖమునకు" అని మెసేజి శుభారంభమైంది.

"సార్, ఏమైంది?" అని అటునుంచి ఒక అమ్మాయి మెసేజిలోనే అడిగింది.

"నా స్వార్జితమై, నా స్వాధీనానుభవములో ఉన్న గృహమునందు అపరిచిత వ్యక్తి యొకడు..."

"దొంగా సార్?"

"అది విచారణలో తేలవలసిన విషయము."

"సరే సార్. ఇల్లెక్కడ?"

ఈ ప్రశ్నకు లేఖరి గారి ముఖం పున్నమి చంద్రుడైంది. లోకంలో దీనికి ఆయనకన్న చక్కగా జవాబు చెప్పగలవాడు లేడు. "తూర్పు: పళ్ళ డాక్టరు గారి ప్రహరీ. పడమర: లాండ్రీ. ఉత్తరము: సందు. దక్షిణము: కార్ల షెడ్డు."

"డోర్ నంబరు, వీధి పేరు కొట్టండి సార్!"

"అవి హద్దుల పిమ్మట వచ్చును. ఓపిక పట్టవలెను."

"బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతాను!"

అడుగులు వంటింటి దాకా వచ్చాయి. భార్య ఆయన తొడ మీద పెట్టిన గిల్లుడుకు కేక తన్నుకొచ్చింది. ఆ కేకను, నోట్లో కుక్కుకున్న తువ్వాలుతో సహా మింగేశారు. "డోర్ నంబరు" అని కొట్టారు. నంబరు కొట్టేలోగా ఫోను చార్జింగు అయిపోయి కన్నుమూసింది.

గడియ కదిలింది. లేఖరి గారు భార్యకు అడ్డంగా నిలబడి, నీళ్ళ మగ్గును గదలా ఎత్తారు.

అప్పుడు తూర్పున ఒక గొంతు: "పళ్ళ డాక్టరు గోడ దొరికింది!"

"ఇటు లాండ్రీ ఉందయ్యా!"

"షెడ్డు దగ్గర నేనున్నా!"

ఫోను సిగ్నలును బట్టి పేట తెలిసింది గానీ ఇంటి నంబరు తెలియని పోలీసులు, హద్దుకొకరు చొప్పున వెతుక్కుంటూ వచ్చారు. మూడు దిక్కులా మాటలు విన్న దొంగ ఉత్తరపు గోడ దూకి, సందులో ఊరికే నిలబడి ఉన్న నాలుగో కానిస్టేబులు ఒళ్ళో పడ్డాడు.

తలుపు తీశాక లేఖరి గారు విజయగర్వంతో మీసం దువ్వబోయారు.

"చాల్లెండి మీ పాండిత్యం! నంబరు ముందు కొట్టి ఉంటే ఈపాటికి కాఫీ తాగేవాళ్ళం" అంది భార్య.

అంటూనే ఆయన చొక్కా అంచును రెండు చేతులతో పట్టుకుని ఉంది. పోలీసులు వెళ్ళేదాకా వదల్లేదు. ఆయనా మగ్గు దించలేదు.