కొక్కెం తిన్న మాట

యాదగిరికి దేవుడంటే పడదు. ఈ సంగతి జనగామ మార్కెట్ యార్డులో వడ్ల బస్తాలకు కూడా తెలుసు. హమాలీ సంఘం జెండా పట్టిన నాటి నుంచి గుడి ముందు చెప్పులు విడిచింది లేదు, ఎవరి ప్రార్థనలోనూ తల వంచింది లేదు. ఎవడైనా "అంతా పైవాడి దయ" అన్నాడా, అయిపోయినట్టే. "పైవాడు బస్తా మోస్తడా? మోస్తే రమ్మను, సంఘంల పేరు రాస్త" అని మీద పడేవాడు.

చదువు బడిలో రాలేదు అతనికి. గోడల మీద ఎర్రటి రాతలు చూసి అక్షరాలు పట్టుకున్నాడు. పట్టుకున్నాక వదల్లేదు. కరపత్రం, పేపరు, లారీ వెనక రాత, మందు సీసా మీద కాగితం, ఏది దొరికితే అది చదివాడు. సంఘం కరపత్రాలన్నీ తనే రాసేవాడు. కామాలు, ఫుల్‌స్టాపులు ఉండవు, తిట్లు మాత్రం ఎక్కడివక్కడ ఉంటాయి.

అలాంటి మనిషి ఒక సన్నటి పుస్తకానికి చిక్కాడు. ఎట్ల చిక్కాడో చెప్పాలి.

ఏదో ఊళ్లో గ్రంథాలయం మూతపడింది. పుస్తకాలన్నీ గోనె సంచుల్లో కుక్కి కాగితం మిల్లుకు తోలుతున్నారు. మనిషికి బువ్వ లేకపోతే అడిగేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, పుస్తకాన్ని చంపితే అడిగేవాడు లేడు. చిన్న లారీలో వచ్చిన బస్తాలను యార్డు గేటు దగ్గర పెద్ద లారీలోకి మార్చాలని హమాలీలను పిలిచారు. హమాలీకి బస్తా అంటే బస్తానే. లోపల వడ్లున్నాయా, మక్కలున్నాయా అని చూసే అలవాటు ఉండదు. చెయ్యి కొక్కేన్ని విసురుతుంది, కొక్కెం దిగుతుంది, బస్తా వీపెక్కుతుంది. ఆ రోజు యాదగిరి కొక్కెం దిగింది గానీ విడిపించుకుని రాలేదు. గట్టిగా గుంజితే సంచి చిరిగి, ఒక పుస్తకం గాలానికి పడ్డ చేపలా వేలాడుతూ బయటికొచ్చింది.

"అన్నా, కొర్రమీను వడ్డది! ఇంటికి తీస్కపోయి పులుసు వెట్టుకో" అని నవ్వాడు భద్రు. మహబూబాబాద్ పక్క తండా నుంచి వచ్చినవాడు, యాదగిరికి బస్తా ఎత్తే జోడీ.

పుస్తకం పేరు 'తెల్లవారుజామున'. రాసింది రాజలింగం అనే పాతకాలపు బడిపంతులు, ఊరు రేగొండ. ఫోన్ నెంబరు లేదు, ప్రెస్సు పేరు చెరిగిపోయింది. సొంత ఖర్చుతో అచ్చేయించుకున్న పుస్తకమని అట్ట చూస్తేనే తెలుస్తుంది. యాదగిరి దాన్ని బీడీ కాల్చుకునే వేళ ఉత్తగా తెరిచాడు. దేవుడి పుస్తకమైతే నాలుగు తిట్టి అవతల పారేద్దామని.

అందులో దేవుడు లేడు. పూజ లేదు, ఉపవాసం లేదు, ఇది చేస్తే అది దొరుకుతుందనే బేరం లేదు. ఒక మనిషి చీకటితో లేచి అరుగు మీద ఊరికే కూర్చుంటాడు, అంతే. "కళ్లు మూయగానే లోపల సంతలాగా అరుపులు మొదలవుతాయి. అరిచేవాళ్లను తరమకు. ఎవరు ఏం అడుగుతున్నారో విను" అని రాశాడు ఆ పంతులు.

యాదగిరి చేతిలో బీడీ ఆరిపోయింది. జీవితమంతా మా గోడు వినండి అని ఆఫీసుల ముందు అరిచిన గొంతు అతనిది. తన లోపల కూడా ఎవరో అట్లాగే నిలబడి అరుస్తుంటారని, వాళ్ల గోడు ఇంతవరకు ఎవరూ వినలేదని, వినాల్సిన అధికారి తనేనని ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పలేదు.

అయితే పుస్తకానికి చిల్లు పడింది. కొక్కెం ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా దూసుకుపోయింది. ప్రతి పేజీలో ఒకే చోట ఒక మాట మాయం. మిగతా చోట్ల ఊహించుకోవచ్చు. "నీళ్లు" పోతే తాగడాన్ని బట్టి తెలుస్తుంది, "చెట్టు" పోతే నీడను బట్టి తెలుస్తుంది. చివరి పేజీలో మాత్రం ఊహకు దొరకదు. "ఇన్నేళ్లు కూర్చున్నాక నాకు దొరికింది ఒక్కటే. అది" అని ఉంది. తర్వాత చిల్లు. చిల్లు పక్కన ఒక చుక్క.

అంతే. పేరు పెట్టి పిలిచి, తిరిగి చూసేసరికి వెళ్లిపోయినట్టు.

యాదగిరి చీకటితో లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు. గోడకు వీపు ఆనించి, బస్తాలు మోసి గట్టిపడ్డ మెడను తిప్పలేక తిప్పుతూ. కొన్ని పొద్దులు అరుపులే వినిపించేవి. ఏదో ఒక పొద్దున అరుపుల అడుగున సన్నటి తడి తగిలేది, నల్లా వచ్చే ముందు పైపులో గాలి కదిలినట్టు. అదేందో పట్టుకుందామంటే పోయేది. దానికి పేరుందని, ఆ పేరు చివరి పేజీలో అచ్చయి ఉండేదని, తన కొక్కెమే దాన్ని తినేసిందని తల్చుకుంటూ చిల్లు అంచులను వేలితో తడిమేవాడు.

భార్య మణెమ్మ బిందె నింపుకుంటూ చూసి చూసి అడిగింది. "ఏందయ్యా, గట్ల గోడకు అతుక్కున్నవ్? కాలూ చెయ్యి వడిపోలేదు గదా? దవాఖానకు పోదామా?"

"ఏం గాలే. ఉత్తగ కూసున్న."

"ఉత్తగనా? నువ్వా?" అంది మణెమ్మ. నవ్వుకుంటూ బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

భద్రుకు ఒక్కడికే అసలు సంగతి చెప్పాడు. భద్రు చిల్లులోంచి ఆకాశాన్ని చూశాడు.

"దేవుడు అని వెట్టుకోరాదే అన్నా, పని అయిపోతది."

"నువ్వు వెట్టుకో. నాకొద్దు."

"మరి శాంతి అనుకో. దయ అనుకో. ఏదో ఒకటి అనుకొని పండుకో. గింత పరేషానేంది?"

"మనం అనుకునుడు గాదురా. ఆయనకు ఏం దొరికిందో గది గావాలె."

"సంఘపోళ్లకు తెలిస్తే నీ జెండా గుంజుకుంటరు" అన్నాడు భద్రు. అన్నాడే గానీ, సొంతూరు పోయినప్పుడు మహబూబాబాద్‌లో తెలిసిన చోటల్లా పుస్తకం కోసం అడిగాడు. పాత పుస్తకాలమ్మే అతను పేరు కూడా వినలేదన్నాడు. గ్రంథాలయంలో కంప్యూటర్లో కొట్టి చూసి లేదన్నారు. యాదగిరి యూట్యూబ్‌లో కూడా వెతికాడు. తెల్లవారుజామున అని కొడితే భక్తి పాటలు, కోడి పుంజుల పందేలు వచ్చాయి.

ఇక ఆగలేక ఒక రోజు పనికి ఎగనామం పెట్టి బస్సెక్కాడు. హనుమకొండలో దిగి ఒక బస్సు, పరకాలలో దిగి ఇంకొకటి. రేగొండలో దిగేసరికి ఎండ నెత్తికొచ్చింది. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన, సారు ఎదురుపడితే నమస్కారం కూడా పెట్టకుండా ఆ మాటే అడిగేయాలని.

చాయ్ హోటల్ అతను గ్లాసులు కడుగుతూనే చెప్పాడు. "రాజలింగం సారా? సారు పోయి శాన దినాలాయెనే. అవ్వ ఉన్నది, గా రేకుల ఇల్లు."

అడిగిన చాయ్ తాగకుండానే యాదగిరి లేచాడు. తిరుగు బస్సు ఎక్కడమా, అవ్వ దగ్గరికి పోవడమా అని కాసేపు రోడ్డు మీద నిలబడి, రేకుల ఇంటి వైపు నడిచాడు. సారు దగ్గరి పుస్తకం ఒక్కటైనా ఇంట్లో ఉండకపోతుందా?

సారు భార్య లక్ష్మీనర్సమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పండు ముసలిది. చూపు ఆనుతుంది గానీ చదువు రాదు. యాదగిరి పుస్తకం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, అట్ట మీద అరచేత్తో నిమిరింది.

"గిదేనా? గిది రాసుకుంట కూసుంటే సారుకు బువ్వ గూడ యాదికుండకపోయేది."

"ఇంట్ల ఇంకోటి ఉన్నదా అవ్వా?"

"ఒక్కటి గూడ లేదు బిడ్డా. ఆయినె లైబ్రరీలకు పంచిండు కొన్ని. ఉన్నయి చెదలు వట్టినయి. నాకు చదువు రాదాయె, ఏం జేసుకోను? పాత సామాన్లోడు వస్తే ఏసేసిన." అంతలో వేలు చిల్లులోకి పోయింది. "గీ పొక్కేంది?"

"నా కొక్కెం అవ్వా. బస్తా అనుకొని పొడిచిన."

లక్ష్మీనర్సమ్మ పళ్లు లేని నోటితో గట్టిగా నవ్వింది. "మంచిగ పొడిచినవ్. నాకు గూడ ఎన్నోసార్లు పొడవ బుద్ధయ్యేది."

యాదగిరి అసలు మాట అడిగాడు. సారు ఇన్నేళ్లు కూర్చుని ఏం దొరికిందనేవాడు, ఎప్పుడైనా నీతో అన్నాడా, ఒక్క మాట, చిన్న మాట. అడుగుతూ తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. కలెక్టరు ముందు కూడా జోడించని చేతులు.

"నాకేం ఎరుక? నాతోని ఎన్నడన్న చెప్పిండా? ఏంది సారూ గట్ల కూసుంటవ్ అంటే నీకు సమజ్ గాదు అనేటోడు." చింతపండు పక్కకు జరిపింది. "జర చదువు బిడ్డా. అండ్ల ఏమున్నదో నేను ఇంతవరకు ఇననే లేదు."

యాదగిరి అందుకున్నాడు. అలవాటు చొప్పున మీటింగు గొంతు లేచింది.

"మెల్లగ చదువు. నేనేం ధర్నాకు రాలే."

మెల్లగా చదివాడు. చిల్లు వచ్చిన చోటల్లా తనకు తోచిన మాట పెట్టి దాటేశాడు. ముసలామె ఒక్కోచోట తల ఊపింది, ఒక్కోచోట "ఔ, గట్లనే అనేటోడు" అంది. "తెల్లవారుజామున ఊరంతా నిశ్శబ్దం. ఒక్క చప్పుడైనా ఉండదు" అన్న చోటికి వచ్చాడు.

"అబద్ధం!" అంది లక్ష్మీనర్సమ్మ.

యాదగిరి తలెత్తాడు.

"గదే యాళ్లకు నేను బాయిల నీళ్లు చేదేదాన్ని. గిలక కిర్రుకిర్రుమని ఒకటే మొత్తుకునేది. పక్కింటోళ్లు గూడ తిట్టేటోళ్లు. ఆయినకు ఇనవడలేదా?"

యాదగిరికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లు తలకెత్తుకున్న పుస్తకమే కళ్ల ముందు కురచైపోయింది. ఒక మనిషి ఊరికే కూర్చోవాలంటే ఇంకో మనిషి నీళ్లు మోయాలి. ఈ లెక్క సంఘంలో అందరికన్నా ముందు చెప్పేవాడు తను. మరి చదివేటప్పుడు ఎందుకు అడగలేదు? మణెమ్మ బిందె కళ్లలో మెదిలింది. దాని వైపు ఎక్కువసేపు చూడలేకపోయాడు.

"నేను ఉన్ననా బిడ్డా అండ్ల?" ముసలామె నెమ్మదిగా అడిగింది. "యాడనన్న ఉన్ననా?"

పేజీలు తిప్పినట్టు చేశాడు గానీ, అతనికి ఆ పుస్తకం నోటికొచ్చు. చిల్లుల్లో పోయిన మాటల్లో ఎక్కడో ఉండి ఉంటావవ్వా అనొచ్చు. నాలుక దాకా వచ్చింది. ఎదుటివాడి ఆశను అబద్ధంతో నింపి పంపడం లీడర్ల పని. యాదగిరి మింగేశాడు.

"లేవు అవ్వా."

ఆమె ఏడవలేదు. పిక్క తీసిన చింతపండు రేకను ఒకటి చేతిలోకి తీసుకుని నలిపింది.

"బొక్కెన దించి జరసేపు నిలవడేదాన్ని. లచ్చువమ్మా, నువ్వు గూడ రా, కూసో అంటడేమోనని సూసేదాన్ని. ఏడాదులకేడాదులు సూసిన. కండ్లు మూసుకొనే ఉండేటోడు. గా రెప్పలెనుక ఏమున్నదో నాకు గూడ సూడబుద్ధయ్యేది బిడ్డా. ఆయిన ఒక్కడే సూసిండు, గట్లనే పోయిండు."

యాదగిరి ఒక మాట కోసం ఇంత దూరం వచ్చాడు. ఈమె ఒక పిలుపు కోసం ఇక్కడే ఉండిపోయింది.

పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"గిప్పుడు కూసుందామా అవ్వా?"

"నేనా? ముసల్దాన్ని, నాకేం వస్తది?"

"ఏం రావద్దు. ఉత్తగ కూసునుడే."

"కండ్లు మూసుకోవాల్నా?"

"నీ ఇష్టం."

లక్ష్మీనర్సమ్మ కొంగు సర్దుకుంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒడిలో పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. పెళ్లిపీటల మీద కూర్చున్న పిల్లలా సిగ్గుపడింది. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. రోడ్డు మీద ట్రాక్టరు పోయింది. ఎవరి ఇంట్లోనో టీవీ వాగుతోంది. "కోడి గంపల వడ్డదో ఏందో" అని ఆమె ఒకసారి లేవబోయి, లేవలేదు.

యాదగిరి లోపల సంత మొదలైంది. సంఘం అరిచింది, నడుము నొప్పి అరిచింది, తిరుగు బస్సు అరిచింది. ఎవ్వరినీ తరమలేదు. అడుగున ఆ తడి తగిలిందా లేదా అని ఈసారి వెతకలేదు. పక్కన ముసలామె ఊపిరి వినిపిస్తోంది, గరగరమంటూ, మధ్యలో ఆగుతూ, మళ్లీ అందుకుంటూ. అతను దాన్నే విన్నాడు. ఆగినప్పుడల్లా అతనికీ ఊపిరి ఆగింది.

నీడ అరుగు దిగిపోయాక ఆమె గొంతు వినబడింది.

"గింతేనా బిడ్డా?"

"గింతే అవ్వా."

ఆమె ఒడిలోని చేతులను చూసుకుంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది.

"గింతదానికి నన్ను పిలువకపాయె."

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది. చింతపండు మీద ఈగలు ముసిరాయి. ఇద్దరిలో ఎవరూ చెయ్యెత్తి తోలలేదు.