కడుపు అనే మాట

కాలేబు చొక్కా ఇస్త్రీ చేస్తూ కృప ఫోనులో దుర్గవ్వ గొంతు వింటోంది. జైలు నుంచి దుర్గవ్వ చెప్పిన మాటల్ని తెలుగులో కాగితం మీద పెట్టే పని కృపదే. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి సంతకం పెట్టేది భర్త కాలేబు. అరబ్బు దేశంలోని అరాద్ ఊరి తెలుగు సంఘంలో ‘కాలేబన్న లేకపోతే మనవాళ్ళకి దిక్కెవరు’ అంటుంటే, కృప వంటింట్లో టీ గ్లాసులు కడుగుతూ ఉంటుంది.

వీసా ఇచ్చి ఇంటిపనికి పెట్టుకున్న కఫీల్ ఇల్లు అనుమతి లేకుండా వదిలి భర్త నర్సింలు దగ్గరికి పోయిందని దుర్గవ్వను పట్టుకున్నారు. జైల్లో తనను ఆస్పత్రికి తీసుకెళ్ళలేదని ఆమె కేసు వేసింది. కడుపు బాగాలేదంటే మాత్ర ఇచ్చామని జైలువాళ్ళ జవాబు. ఇక్కడ సెలవు శుక్రవారం; ఆదివారం కోర్టులో కేసు కొట్టేసేలా ఉన్నారు.

"కడుపు వోయిందక్కా. రెండు దినాలు తలుపు కొట్టిన. యల్లా, నడువ్, పండుకో అన్నరు."

కృప చెయ్యి ఆగింది. పోయిన నెల తను రాసిచ్చిన ఇదే మాటని భర్త ఇంగ్లీషు చేసి కోర్టుకిచ్చిన కాగితం తీసి చూసింది. విరేచనాలని ఉంది.

"ఏవండీ, ఇది విరేచనాలు కాదండి. ఆమెకి గర్భం పోయింది."

"పదో తరగతి తప్పినదానివి, నాకు నేర్పుతావా?" కాలేబు నవ్వాడు. కాగితం మళ్ళీ చదివాక నవ్వు పోయింది. "ఇప్పుడు మారిస్తే నా మాట ఇంకెవడు నమ్ముతాడు? అయినా ఆడవాళ్ళ సంగతులు కోర్టులో ఏంటి? వదిలెయ్."

మర్నాడు కృప డ్యూటీ మానేసి దుర్గవ్వ తరఫు లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. వచ్చిన కాస్త ఇంగ్లీషులో చెప్పింది. లాయరమ్మ కలం పట్టుకుని, "పదేళ్ళుగా అనువాదం చేస్తున్న మనిషి తప్పన్నమాట. ఆ మాటకి ఈ అర్థమని నీకెలా తెలుసని జడ్జి అడుగుతారు," అంది.

కృపకి ఒక శుక్రవారం గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందటి ఆ శుక్రవారం సంఘంవాళ్ళు ముప్పైమంది భోజనాలకు వచ్చారు. బాత్రూములో గోడ పట్టుకుని నిలబడి, నీళ్ళు పోసి పోసి కడిగింది. బయటి నుంచి కాలేబు, "కడుపునొప్పేగా, ఇంత వాము నమిలి రా, అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు," అన్నాడు. వచ్చింది. వడ్డించింది. కూరలో ఉప్పు తక్కువైందని ఎవరో అంటే, ఉప్పు కూడా తెచ్చింది. అంతమందిలో ఎలా చెప్పడం అనుకుంది. అందరూ వెళ్ళాక చెబుదామనుకుంది. అందరూ వెళ్ళాక అతను నిద్రపోయాడు.

"నాకూ పోయిందని రాయండి మేడం," అంది కృప. "మా ఆయనకీ ఆ కాగితం చదివితేనే తెలుస్తుంది."