నీడ వేసిన అంకెలు

నా భార్య ఆండాళు పోయిన ఇరవై మూడో రోజున పోలీస్ స్టేషన్ నుంచి కబురు వచ్చింది. ఆమెను గుద్ది ఆగకుండా పోయిన కారు ఒక డీసీఎం వ్యాను అద్దానికి బిగించిన కెమెరాలో పడిందని, వచ్చి చూడమని.

దీపావళి అయిన నాలుగో రోజున, నకిరేకల్ దాటాక హైవే మీద, తెల్లవారుజామున మంచులో జరిగింది. వాళ్లక్క కూతురి సీమంతానికని తొలి బస్సులో వెళ్లింది. బస్సు దిగి రోడ్డు దాటుతుంటే తెల్ల కారు తగిలింది. వెనకే వస్తున్న డీసీఎం డ్రైవర్ పరమేష్ బండి ఆపి, తన తువ్వాల మడిచి ఆమె తల కింద పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడట. ఆమె చివరి నిమిషాల్లో ఒంటరిగా లేదు. కెమెరాలో పడిన ముక్కను స్టేషన్‌కు తెచ్చి ఇచ్చింది కూడా అతనే.

ఎస్సై మురళీమోహన్ వీడియో అంతా పెట్టలేదు. కారు దూరమవుతున్న నాలుగు బొమ్మలు మాత్రం పెద్దవి చేసి తెర మీద ఉంచాడు.

“మిగతాది మీరు చూడొద్దు సార్. నెంబర్ ఒక్కటి చూడండి. మీరు ప్లేట్ల పని చేస్తరట గద. మా కండ్లకైతే దొరుకతలేదు.”

బి.ఏ. అయ్యాక నేను మా బాపు మగ్గం మీద కూర్చోలేదు. నల్లగొండలో ఒక రేకు డబ్బా కొట్టు పెట్టుకుని ముప్పై ఏళ్లు నెంబర్ ప్లేట్లు చేశాను. మొదట బ్రష్షుతో రాసేవాణ్ని, తర్వాత స్టిక్కర్ కోసి అంటించేవాణ్ని. కొత్త బండిని యాదగిరిగుట్టకు పూజకు తీసుకుపోయే ముందు జనం నా దగ్గరికి వచ్చేవారు. స్వామి ముందు నిలబెట్టే బండికి మొద్దు అంకెలుంటే బాగుండదని వాళ్ల బాధ. “జర స్టయిల్‌గ వెయ్యన్నా, గుట్ట మీద నలుగురు చూడాలె” అనేవారు. నేను అంకెల్ని సన్నం చేసి, కాస్త వంచి, దగ్గరగా జరిపి, ఎడమ పక్కన వెండి నీడ వేసేవాణ్ని. చీర అంచులో పువ్వుకు బాపు వేరే రంగు పోగుతో నీడ తీసేవాడు. అది చూసి నేర్చుకున్నాను. మా వైపు ఇంకెవరికీ ఆ నీడ కుదరలేదు.

తెర మీద ఆ నీడ ఉంది.

కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాను. ఎస్సై నీళ్ల సీసా నా వైపు జరిపాడు.

“ఇది నా చేతి పనే సార్,” అన్నాను.

“అయితే చదవండి మరి.”

చదవలేకపోయాను. దగ్గర నిలబడి చూస్తే 3 నోరు తెరుచుకునే ఉంటుంది. పరుగెత్తే కారు మీద, వెనక బండి లైటు ఆ వెండి మీద పడి తళుక్కుమంటే, పక్కనున్న నీడ అంకెలో కలిసిపోయి ఆ నోరు మూసేస్తుంది. ఇక 3 ఏదో, 8 ఏదో తెలియదు. మొదటి రెండంకెలూ దొరికాయి. చివరి రెండూ ఒక బొమ్మలో ఒకలాగా, మరో బొమ్మలో మరోలాగా ఉన్నాయి. అదే తెరలో, అదే మంచులో, పక్కన పోతున్న ఆటోకు సర్కారు ప్లేటు ఉంది. పసుపు రేకు మీద లావు నల్ల అంకెలు, ఎడం ఎడంగా. దాన్ని నేను కళ్లద్దాలు తీసి కూడా చదివాను.

ఎటు చదివినా నాలుగు నెంబర్లే. రెండు మోటార్ సైకిళ్లవి. మిగిలిన రెండూ తెల్ల కార్లు, ఒకే రకానివి. చివర 83 ఉన్నది నకిరేకల్ బత్తాయి వ్యాపారిది. ప్రమాదం జరిగిన వారానికే దాన్ని వేరే రాష్ట్రంలో అమ్మేశాడు. బేరం ముందే కుదిరిందంటున్నాడు. 88 ఉన్నది పానగల్ గుర్వయ్యది. రెండు ప్లేట్లూ నేనే చేశానట. నాకు గుర్తు లేదు.

మరునాడు పానగల్ వెళ్లాను. గుర్వయ్య కారు ఇంటి ముందే ఉంది. దానికిప్పుడు సర్కారు ప్లేటే. వాళ్లమ్మ బక్కమ్మ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. ఎందుకు వచ్చానో ఆమెకు తెలియదు.

“మావోడు గా ప్లేటు కోసం రెండొద్దులు నీ డబ్బా కాడనే ఉన్నడు. పెండ్లిచూపులకు గూడ గంత తయారు గాలె,” అంది నవ్వుతూ.

గుర్వయ్య నవ్వలేదు.

“ముందు బంపర్ కొత్తది వేయించినట్టున్నవు,” అన్నాను.

“బర్రె అడ్డమొచ్చింది సార్. దీపావళి ముంగట.”

“దీపావళి ఎనుక గదరా,” అంది బక్కమ్మ.

“నీకేం యాదుంటదమ్మా. జర ఊకో.”

“పాత ప్లేటు ఉందా?”

“యాడుంది సార్. పోలీసోళ్లు ఊకె ఆపుతుంటే పీకి పారేసిన.”

అతను గుడ్డ తీసుకుని తుడిచిన కారు అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు. చనిపోయిన మనిషి భర్త వచ్చి వాకిట్లో కూర్చుంటే ఏ తప్పూ చేయనివాడు కూడా అలాగే తుడుస్తాడేమో. బక్కమ్మ చల్ల తెచ్చి ఇచ్చింది. చల్లగా, ఉప్పు సరిపోయి ఉంది. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదని అప్పుడు తెలిసింది.

ఆ వారం చివర ఎస్సై మళ్లీ పిలిచాడు. ముందు కాగితం, పక్కన పెన్ను.

“ల్యాబోళ్లు తెల్వదని రాసిన్రు. వ్యాపారి ఇంట్ల పండుకున్నా అంటడు. గుర్వయ్య గూడ గంతే. ఆ ప్లేటు చేసింది మీరు. ఫలానా అంకె అని మీరంటే దానికి బలముంటది. 88 అంటే గుర్వయ్యను నేను పట్టుకొస్త. లేకుంటే దొరకలేదని రాసి మూసెయ్యాలె సార్.”

“ఇంకొకసారి చూస్త.”

గంటసేపు చూశాను. అతను విసుక్కోలేదు. చాయ్ తెప్పించి, ఫోన్ మోగితే బయటికి వెళ్లి మాట్లాడాడు. నేను కోసిన ప్రతి వంపూ తెలుసు. బ్లేడు ఎక్కడ తిప్పుతానో, ఎక్కడ ఆపుతానో తెలుసు. తెర మీద మాత్రం వెండి మరకలు ఉన్నాయి, అంతే. 88 అనాలని ఎంత ఉందో చెప్పలేను. అంటే ఒక మనిషి దొరుకుతాడు. రోజూ ఎవరినో తెలియకుండా తిట్టుకునే బాధ తప్పుతుంది. రెండుసార్లు నోటి దాకా వచ్చింది.

“తెలుస్తలేదు సార్,” అన్నాను.

“అనుమానం ఉన్నదని రాసినా సరే.”

“అనుమానం ఇద్దరి మీదా ఉంది. ఇద్దరిలో ఒకరు ఏం చేయలేదు గద.”

అతను కాగితం నా వైపు తిప్పాడు. ప్లేటు నేనే చేశాననీ, అంకెలు చెప్పలేకపోతున్నాననీ రాసి సంతకం పెట్టాను. బాధ్యుడు దొరకలేదని అతను కింద రాసుకున్నాడు. పదిహేడేళ్లు నా పక్కన నడిచిన మనిషి మీద ఆఖరి మాట అది.

“వాళ్లిద్దర్ని రేపు రమ్మన్న. రావొద్దని చెప్పాలె,” అంటూ ఎస్సై గుర్వయ్యకు ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టి బల్ల మీద ఉంచాడు. సంగతి చెప్పాడు. అవతల ఎక్కడో కోడి అరుపు వినిపించింది.

“సార్ ఆడనే ఉన్నడా?” అన్నాడు గుర్వయ్య.

“ఉన్నడు. ఇంటున్నడు.”

“సార్, పోయిన అక్క పేరేంది?”

ఎస్సై నా వైపు చూశాడు. చెప్పాలా వద్దా అని నేను ఆలోచించలేదు.

“ఆండాళు,” అన్నాను.

గుర్వయ్య ఆ పేరు మెల్లగా ఒకసారి అన్నాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు.