ఇస్త్రీ సారు బోర్డు

హలో, వినపడుతోందా? నేనే, మీ బాబాయిని. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. వ్యవసాయ శాఖ రైతుకు అండ అని గోడల మీద రాస్తారే, ఆ అండ ఎంత గట్టిదో మా అక్క మిరపతోటలో చూశాను. అదే చెబుతాను.

బావ మంచాన పడ్డాక ఆ తోటే అక్కకి దిక్కు. సరిగ్గా పూతకొచ్చిన వేళ ఆకులు పైకి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. కొట్టువాడు ఇచ్చిన మందు కొడితే మొక్కకేమీ కాలేదు, పురుగుకీ ఏమీ కాలేదు. ఇంకొన్నాళ్లు ఆగితే తోటంతా పొయ్యిలోకే. అక్క ఒక మొక్క పీకి, కవర్లో పెట్టుకుని, నా బండెక్కింది.

వ్యవసాయ కార్యాలయంలో ఆ రోజు తెగ హడావుడి. మర్నాడు పెద్దాఫీసరు వస్తున్నాడట, రాళ్లకు సున్నం కొడుతున్నారు. గుమ్మం ముందు చాపంత మడి, దానికో ఇనుప కాళ్ల బోర్డు: 'ఆదర్శ క్షేత్రం, వ్యవసాయ శాఖ పర్యవేక్షణలో'. లోపల అధికారి. చొక్కా మడత నలగనివ్వడని ఊరంతా ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు. పొలంలో దిగితే కదా నలగడానికి!

"మొక్క బల్ల మీద పెట్టకమ్మా, మట్టి రాలుతుంది," అన్నాడు.

"మట్టి రాలక ముత్యాలు రాల్తాయా సారూ? ఒక్కసారి చూడండి."

"చూడాల్సింది పురుగుల డాక్టరు. ఆయన టూర్లో ఉన్నాడు."

"వచ్చాక మా తోటకి పంపిస్తారా?"

"ముందు మా పొలాలు చూసుకోవాలిగా. బోర్డున్న పొలం మాది. బోర్డు లేనిది మీది. అంతే."

అక్క మొక్కని మళ్లీ కవర్లో పెట్టుకుని లేచింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆవిడ వాదించకుండా లేస్తేనే భయపడాలి. బయటికొచ్చి బోర్డు ముందు నిలబడి, "ఒరేయ్ తమ్ముడూ, ఓ చెయ్యి వెయ్యరా," అంది.

"అక్కా, జైల్లో పెడతారే!"

"పెట్టాలంటే ముందు చూడాలిగా. వీళ్లు దేన్ని చూశారు?"

పెకలించాం. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎక్కడికమ్మా?" అన్నాడు. "రంగెయ్యాలి బాబూ," అంది. పాపం, తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. సాయంత్రానికి బోర్డు మా అక్క తోట గట్టు మీద, రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఆఫీసులో ఒక్కడికీ తెలియలేదు. గుమ్మం ముందున్నదే కనపడనివాళ్లకి మన పొలాలు కనపడతాయా?

మర్నాడు పెద్దాఫీసరు కారు బోర్డు చూసి ఆగింది. వెనకే జీపులో ఇస్త్రీ సారు.

"ఇదేనా మీ ఆదర్శం? ఆకులన్నీ ముడుచుకుపోయాయి!"

మాది కాదంటే, బోర్డు ఎలా పోయిందో చెప్పాలి. ఇస్త్రీ సారు చొక్కా సర్దుకున్నాడు. "ప్రయోగం సార్. కావాలనే తెగులు రానిచ్చాం. ఇప్పుడు నయం చేస్తాం."

"భేష్! వచ్చే వారం చూస్తాను."

మధ్యాహ్నానికల్లా పురుగుల డాక్టరు వచ్చేశాడు. టూరు నుంచి అనుకునేరు, ఆఫీసు వెనక గదిలోంచి! భూతద్దంతో ఆకు చూడగానే తామర పురుగన్నాడు. కొట్టువాడిచ్చింది దీనికి పనికిరాదని, వేరే మందు తనే దగ్గరుండి కొట్టించాడు. పురుగులు వచ్చి అంటుకునేలా తోటంతా నీలం రంగు జిగురు అట్టలు కట్టించాడు. అన్నీ తెలుసు మహానుభావుడికి! ఆ తెలిసింది గది దాటి రావడానికి ఒక దొంగ బోర్డు కావాల్సి వచ్చింది. థూ!

కొత్త చిగుళ్లు విప్పారాయి. సగం తోట పోయింది, సగం నిలబడింది. పెద్దాఫీసరు మళ్లీ వచ్చి ఇస్త్రీ సారు భుజం తట్టి ఫోటో దిగాడు. అక్కని "కొంచెం పక్కకి జరగమ్మా, అడ్డొస్తున్నావు," అన్నారు. ఆవిడ తోటలో ఆవిడే అడ్డం!

కారు వెళ్లగానే ఇస్త్రీ సారు బోర్డు మీద చెయ్యి వేశాడు.

"ఇది ప్రభుత్వ ఆస్తమ్మా. దొంగతనం కేసవుతుంది!"

"బోర్డున్న పొలం మాదన్నారుగా సారూ. మీ పొలంలో మీ బోర్డుంది. ఇందులో దొంగెవరు?"

బోర్డు మీద నుంచి చెయ్యి తీశాడు. జీపెక్కి వెళ్లిపోయాడు, చొక్కా మాత్రం నలగలేదు.

ఆ బోర్డు ఇంకా అక్క గట్టు మీదే ఉంది. పక్క పొలం వదిన వంగతోటకి పుచ్చు పట్టిందట, కోతలయ్యాక తనకిమ్మని ఇప్పుడే చెప్పి పెట్టుకుంది.

మీకు తెలిసిన రైతులెవరైనా ఆ ఆఫీసు బెంచీ మీద మొక్క పట్టుకుని కూర్చుని ఉంటే, ముందు వాళ్లకి ఈ కథ పంపండి. ఉంటాను మరి.