డిస్కు చివరి చిన్న ముక్కలు

నా భార్య గొంతును పారేసినవాడు నా బావమరిది. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు. వాడు మంచివాడని బంధువులంతా అంటారు. అవును, ఆ మంచివాడే పారేశాడు.

వాణ్ణి ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుంది" అంటాడు కాబట్టి వాడు చిటికె. ఆ పేరు పెట్టింది వాళ్లక్క, అంటే మా ఆవిడే. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం వాడి పని. నేను బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా చేశాను. ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను, అది చాలింది. ఇంజను విప్పి బిగించాక ఒక్క వాషరు మిగిలినా బండిని షెడ్డు దాటనిచ్చేవాణ్ణి కాదు. మిగిలిందంటే ఎక్కడో ఏదో మరిచిపోయామని అర్థం.

మా ఆవిడ కుట్టు టీచరు. తరగతికి రాలేనివాళ్ల కోసం పాఠాలు వీడియో తీసి ఇమ్మని ఆమె పనిచేసే శిక్షణ కేంద్రం వాళ్లు అడిగారు. మంచి హెచ్‌డీ కెమెరా కూడా వాళ్లే ఇచ్చారు. తీయడం నా వంతు, లైటు పట్టుకోవడం చిటికె వంతు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసి, రెండేళ్లలో ఇరవై నాలుగు పాఠాలు తీశాం. వీడియో షాపతను పాఠానికి రెండేసి బ్లూరే డిస్కులు చేసి ఇచ్చేవాడు. కేంద్రానికొకటి, మాకొకటి. కేంద్రం మూతపడ్డాక వాళ్ల డిస్కులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. మాకు కెమెరా కార్డు ఒక్కటే ఉండేది. డిస్కు చేతికి రాగానే దాన్ని తుడిచి మళ్లీ వాడుకునేవాళ్లం.

మా డిస్కుల్లో ఒక పెద్ద ముక్క ఉండేది, అది గంట పాఠం. దాని వెనక మూడో నాలుగో చిన్న ముక్కలు. సూది విరిగో, కరెంటు పోయో, మాట తడబడో మధ్యలో ఆపేసినవి. పాఠానికి పనికిరావు. అయినా డిస్కు చివర చేర్చి పెట్టాం. అలా చేర్చాలన్న ఆలోచన ఎవరిదో నాకు గుర్తు లేదు. నాదే అయ్యుంటుంది అనుకునేవాణ్ణి, వాషరు కూడా వదలని మనిషిని కదా.

పాఠంలో వినిపించే గొంతు ఆమెది కాదు. "ఇప్పుడు మనం కాలరు ముక్కను రెండుగా మడుచుకుందాం" అంటూ రేడియోలో వార్తలు చదివినట్టు చదివేది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ గొంతుతో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అసలు గొంతు చిన్న ముక్కల్లో ఉంది. "ఏమండీ, ఆ వేలు తీయండి, సగం బొమ్మ మీ వేలే కనిపిస్తోంది." అదీ ఆమె.

ఆమె పోయి మూడేళ్లయింది. ఆదివారం పొద్దున్నే ఒక డిస్కు పెట్టుకుని, మెనూలో చిన్న ముక్కలు నొక్కి చూసేవాణ్ణి. పాఠం జోలికి వెళ్లేవాణ్ణి కాదు. కాలరు కుట్టడం నాకెందుకు? నిరుడు ప్లేయరు చెడిపోయింది. విప్పి చూశాను. డిస్కును చదివే కన్ను పోయింది. ఆ సామాను ఇప్పుడు రావడం లేదని షాపులన్నీ చేతులెత్తేశాయి.

చిటికె వచ్చి చూశాడు.

"ఇంకా ఈ ప్లేయర్లేమిటి బావా? అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేద్దాం. ఇరవై నాలుగు డిస్కులూ కుదించి నీ అరచేతిలో పెడతా."

"చెడిపోకుండా?"

"చిటికెలో."

"ఎంతసేపని అడగలేదు. చెడిపోకుండానా అని అడిగాను."

"అబ్బ, నీకు కోపం ముక్కుమీదే కూర్చుని ఉంటుంది. అద్దంలా వస్తుంది, సరేనా?"

డిస్కుల పెట్టె తీసుకెళ్లాడు. పది రోజులకు తన పాత కంప్యూటరు, బ్లూరే డ్రైవు, అరచేతంత హార్డ్‌డిస్కు మోసుకొచ్చి, ఆమె కుట్టిన బల్ల మీదే సర్దాడు. ఇరవై నాలుగు ఫైళ్లు వరసగా కనిపించాయి. ఒకటి తెరిచాను. బొమ్మ బాగుంది. కాదనను. గుడ్డ నేత కూడా కనిపిస్తోంది. పాఠం చివరికి జరిపాను. అయిపోయింది. స్క్రీను నల్లగా ఉండిపోయింది. ఇంకొకటి తెరిచాను. అదీ అంతే.

"చిన్న ముక్కలేవి?" అన్నాను.

"ఏ ముక్కలు?"

"పాఠం వెనకవి. మీ అక్క నన్ను తిట్టేవి."

చిటికె గుడ్లు తేలేశాడు. డిస్కు పెట్టగానే ఆ సాఫ్ట్‌వేరు లోపలున్న వాటిలో అన్నిటికన్నా పొడుగైనదాన్ని తనంతట తనే ఎంచుకుంటుందట. సినిమాలకు అది సరిపోతుంది. మిగతావి కావాలంటే జాబితా తెరిచి ఒక్కొక్కదాని పక్కన టిక్కు పెట్టాలి. వీడు జాబితా తెరవలేదు. ఇరవై నాలుగు సార్లు తెరవలేదు.

"దానికేం బావా, డిస్కులున్నాయి కదా, మళ్లీ..." అని మధ్యలో ఆగాడు.

"ఉన్నాయి కదా?"

"మీ చెల్లెమ్మని అడగాలి."

చెల్లెమ్మ అంటే వాడి భార్య. వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతల. వెనక పెరట్లో టమాటా మడులు, ఒక ద్రాక్ష పందిరి. మేం వెళ్లేసరికి ఆమె నీళ్లు పోస్తోంది. ఆమె తలపైన మా డిస్కులు, నడిమి కన్నంలో దారం కట్టి, ఎండలో తళతళలాడుతూ గిరగిరా తిరుగుతున్నాయి. కొన్నిటి మీద మా ఆవిడ చేతిరాత ఇంకా కనిపిస్తోంది. కాలరు. జిప్పు. కాజా.

"అన్నయ్యా, వీటితో పనైపోయిందన్నారు," అంది చెల్లెమ్మ. నా ముఖం చూసి నీళ్ల డబ్బా కింద పెట్టింది. "ఊరికే పారేయడం ఎందుకు, పిట్టలన్నా భయపడతాయని కట్టాను."

"భయపడ్డాయా?"

"మొదటి రెండు రోజులు. ఇప్పుడు వాటి మీదే కూర్చుంటున్నాయి."

"మా అక్కంటే ఎవరు భయపడ్డారు గనక," అన్నాడు చిటికె.

కొరకొరా చూశాను. వాడు నిచ్చెన తేవడానికి వెళ్లాడు.

ఇరవై రెండు దించాం. ఒకటి గాలికి తెగిపడి కాళ్ల కింద విరిగింది. పద్నాలుగోది, జేబు పాఠం, పక్కింటి ముసలమ్మ అడిగి పట్టుకెళ్లిందని చెల్లెమ్మ చెప్పింది. వెళ్లాను. ముసలమ్మ వసారాలో కూర్చుని ఉంది. పక్కన స్టూలు, స్టూలు మీద డిస్కు, డిస్కు మీద నీళ్ల గ్లాసు.

"భలే కుదిరింది నాయనా, స్టూలుకి మరక పడటం లేదు," అంది.

"అది మా ఆవిడ, అమ్మా."

ముసలమ్మ గ్లాసు ఎత్తింది. డిస్కును అటూ ఇటూ తిప్పి చూసింది. చేత్తో తుడిచి నాకిచ్చింది. "ఆ సంగతి ముందే చెప్పొద్దూ!" అని నన్నే కసిరింది.

చిటికె షాపు నుంచి కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలు తెచ్చాడు. గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, పిట్టల రెట్టలు నానబెట్టి, ఒక్కొక్కటీ కడిగాం. నేను పళ్లెం తోమినట్టు తుడుస్తుంటే వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గుండ్రంగా తుడవకు బావా. మధ్య నుంచి అంచుకి, గీత గీసినట్టు లాగు. అద్దాలకైనా అంతే. అడ్డదిడ్డంగా రుద్దితే గీతలు పడతాయి."

అది మాత్రం వాడికి తెలుసు. చెప్పినట్టే చేశాను.

"మీట మాత్రం నేనే నొక్కుతాను," అన్నాను. "నువ్వు చూపించు. చెయ్యి పెట్టకు."

వారం తిరక్కుండా నేర్చుకున్నాను. ఇంజను కన్నా కష్టమేమీ కాదు, వరస తప్పకపోతే చాలు. ముందు డిస్కును ఉన్నదున్నట్టు మొత్తం కంప్యూటర్లోకి దించాలి, కుదించే మాటే ఎత్తకూడదు. దిగిందాన్ని తెరిచి, జాబితాలో ముక్కలు లెక్కపెట్టి, ఒక్కొక్కటి ఎన్ని నిమిషాలో నోటుపుస్తకంలో రాయాలి. అన్నీ మొదటి నుంచి చివరి దాకా ఆడించి చూడాలి. ఆ తర్వాతే కుదింపు. ఇరవై రెండు జీబీల పాఠం నాలుగు జీబీలకు తగ్గుతుంది. వెనక గోడ కదలదు, బల్ల కదలదు, కదిలేవి ఆమె చేతులే. అందుకని కుదించినా బొమ్మ చెడదు. చిన్న ముక్కల్ని మాత్రం కుదించను.

"మూడు నిమిషాల ముక్కకి అంత చోటెందుకు బావా?" అన్నాడు చిటికె.

"ఉన్నన్నాళ్లూ ఇల్లంతా ఆమే. ఇక్కడ ఇంత చోటిస్తే నీకేం నొప్పి?"

ఎండ తిన్న డిస్కులు అంత తేలిగ్గా లొంగలేదు. డ్రైవు గరగరలాడుతుంది, ఆగుతుంది, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతుంది. ఒక డిస్కు గంటలో దిగితే, ఇంకొకటి రెండు రోజులు తినేది. కళ్లలో వత్తులు వేసుకుని అంకెలు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ ఇరవై రెండింటిలో పదిహేడు పూర్తిగా వచ్చాయి. రెండు అసలు నోరు తెరవలేదు. మూడింటిలో పాఠం పోయింది, చిన్న ముక్కలు మిగిలాయి. ఆ మూడు పాఠాలూ చిటికె ముందే కుదించి పెట్టిన వాటిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వాడి పని పనికొచ్చిందని వాడితో అనలేదు.

ఆ నెల హాయిగా గడిచింది. అబద్ధం ఆడను. పొద్దున్నే టీ పెట్టుకుని, కిటికీ తెరిచి, డిస్కు తోసి కూర్చుంటే కంప్యూటరు ఫ్యాను సన్నగా పాడేది. మధ్యాహ్నానికి ఆమె బయటికొచ్చేది. "అయ్యో, రెండోదీ ఎడమ చెయ్యే కత్తిరించేశాను, ఈ చొక్కా ఎవరికి తొడుగుతాం?" అని తనలో తనే నవ్వేది. "ఏమండీ, మీరు నవ్వకండి, కెమెరా ఊగుతోంది" అనేది. ప్లేయరులో చూసినన్నాళ్లూ ఆమెనే చూశాను. ఇప్పుడు పనిగా చూస్తుంటే బొమ్మ ఊగడం కనిపించింది. కెమెరా ఊగుతోందంటే పట్టుకున్నవాడు నవ్వుతున్నాడన్నమాట. నేను నవ్వేవాణ్ణంటే డిపోలో ఒక్కడు కూడా నమ్మడు.

పద్నాలుగో డిస్కును ఆఖరుకు ఉంచాను. ముసలమ్మ వసారా నీడలో ఉండటం వల్ల దానికి ఎండ దెబ్బ తగల్లేదు. గ్లాసు మరక గుండ్రంగా ఉంది, కానీ అది పేరు రాసిన వైపే. ఆదివారం పొద్దున చిటికె కూడా వచ్చాడు. వాడికీ టీ పోశాను. డిస్కు ఒక్కసారి కూడా గరగరలాడకుండా గంటలో దిగింది. జాబితా తెరిచాను.

"మెనూలో నాలుగు చిన్న ముక్కలే ఉండేవి," అన్నాను. "ఇక్కడ ఐదున్నాయి."

"షాపతను మెనూలో పెట్టడం మరిచిపోయి ఉంటాడు."

"అందుకే జాబితా తెరవాలి అనేది," అన్నాను. వాడు టీ తాగాడు.

ఐదోది రెండు నిమిషాలు. నొక్కాను. ఖాళీ బల్ల, దాని మీద కత్తిరించిన జేబు ముక్కలు. కెమెరా ఆపడం మరిచిపోయి పక్కన పెట్టినట్టున్నాను. ఒక అంచున లైటు పట్టుకున్న చిటికె చెయ్యి, ఇంకో అంచున మా ఆవిడ మోచెయ్యి. ముందు నా గొంతు వచ్చింది.

"ఈ తుక్కంతా దేనికి? పాఠం ఒక్కటి ఉంచి, మిగతాదంతా తుడిచిపారెయ్యమని షాపతనికి చెప్తాను."

"ఉండనీండి. మీ నెత్తిన మోస్తున్నారా?" అంది ఆమె.

"చెత్త దాచుకోవడం నీకు అలవాటైపోయింది. ఒరేయ్ చిటికె, నువ్వు చెప్పరా. పాఠం ఉంటే చాలదూ?"

"బావ చెప్పాక ఇంకేముంది అక్కా? పొడుగుదొక్కటే ఉంచేద్దాం."

"మీరిద్దరూ నోళ్లు మూసుకోండి. పాఠం నాది, ముక్కలు నావి. షాపుకి నేనే వెళ్లి చెప్పుకుంటాను, ఒక్కటి కూడా పోకూడదని." మోచెయ్యి కదిలింది. ఆమె ముఖం కెమెరాలోకి వంగింది. ముక్కు పెద్దదిగా, కళ్లు చిన్నవిగా. "ఏమండీ, ఎర్ర చుక్క వెలుగుతూనే ఉందేమిటి?"

అక్కడితో ఆగింది.

ఫ్యాను తిరుగుతోంది. చిటికె గ్లాసు అడుగు చూస్తున్నాడు. అందులో టీ అయిపోయి చాలాసేపైంది.

"ఇది నీకు గుర్తుందా?" అన్నాను.

"ఏది బావా?" అన్నాడు.

గుర్తుంది. అబద్ధమాడితే వాడికి చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు పందిరి కింద నిచ్చెన పట్టుకుని నిలబడి, నేను అన్నవన్నీ పడ్డాడు. "తుడిచెయ్యమన్నది నువ్వే కదా" అన్న ఒక్క మాటతో నా నోరు మూయించగలిగేవాడు. అనలేదు. వాడు అలా ఊరుకోవడం నాకు ఎప్పుడూ నచ్చేది కాదు, ఇప్పుడూ నచ్చలేదు.

ముక్కను మొదటికి జరిపి మళ్లీ పెట్టాను. ఆమె ముఖం వంగిన చోట బొమ్మ ఆపాను. ఇద్దరం కాసేపు చూశాం. వాడికి ఇంకో గ్లాసు టీ పోశాను. నోటుపుస్తకంలో పద్నాలుగు ఎదురుగా రాశాను: పాఠం ఒకటి, చిన్న ముక్కలు ఐదు, అన్నీ ఉన్నాయి.

ఇలాంటివి రెండు చోట్ల దాచాలి. ఒకే ఇంట్లో రెండు నకళ్లు పెట్టుకుంటే, నిప్పో నీళ్లో వచ్చినప్పుడు రెండూ కలిసే పోతాయి. నా నకలు ఇక్కడ ఆమె బల్ల సొరుగులో ఉంది. రెండోది పెట్టడానికి నాకు ఉన్న ఇల్లు ఒక్కటే. రెండో నకలున్న హార్డ్‌డిస్కును కళ్లద్దాల గుడ్డలో చుట్టి వాడి చేతిలో పెట్టాను.

"దీన్ని పందిరికి కట్టొద్దని చెల్లెమ్మకు చెప్పు."

"చెప్తా బావా."

"ఎప్పుడు చెప్తావ్?"

నోటి దాకా వచ్చిన మాటను మింగి, "ఇంటికెళ్లగానే," అన్నాడు.

పారేసింది వాడే. మొదట రాసిన మాట కొట్టెయ్యను. మిగతాది పద్నాలుగో డిస్కులో ఉంది. ఈ సంగతి ఎవరితోనూ, వాడితో కూడా, ఇక ఎప్పుడూ మాట్లాడను.