చిటికెనవేలి ఎముక

కువైత్‌లో నేను పనిచేసే ఇంటి యజమానికి ఎముకల పిచ్చి. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. నియాండర్తల్ అనే పాతకాలపు మనుషుల ఎముకలకు ప్లాస్టర్ నమూనాలు చేయించి అలమరనిండా పెట్టుకున్నాడు. దుమ్ము దులపాల్సింది మాత్రం వంటవాణ్ణయిన నేను. ఒకసారి భూతద్దం చేతికిచ్చి గాట్లు చూపించాడు. జంతువు కొరికితే గుంట పడుతుందట, రాతికత్తితో కోస్తే సన్నని గీత. చచ్చినవాళ్లను తిన్నారో, పూడ్చేముందు ప్రేమగా ఎముకలు శుభ్రం చేశారో ఆ గీత ఒక్కటే చూసి చెప్పలేమన్నాడు. దీనికా జీతమిస్తున్నారని లోపల నవ్వుకున్నాను.

వేసవి సెలవులకు ఆయన కుటుంబంతో లండన్ వెళ్లాడు. ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. అంత ఇంట్లో మిగిలింది చాంద్ బాషా అనే నేనూ, డ్రైవర్ నాగేశ్వరూ. ఇద్దరిదీ కడప జిల్లానే. వాడికి షుగరు. దూరాన ఫహాహీల్ పట్నం దాకా వెతికినా సూదిమందు దొరకలేదు.

ప్రాణం పోయేముందు వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "బాషా, నన్ను ఈడ కాల్చలేవులే. ఒగ ఎముకన్నా తీస్కపోయి నా పెండ్లాం గంగులమ్మ చేతికియ్యి. పెన్నలో కలుపుతాది."

నిజమే, పొగ లేస్తే సైనికులు వస్తారు. పెరట్లో గుంత తవ్వాను. చచ్చినవాడి ఎముక విరిస్తే బతికున్నవాడి ఎముక విరిచినంత పాపమని మా నాయన చెప్పేవాడు. నమాజు సంగతెలా ఉన్నా ఆ మాట నాలో నాటుకుపోయింది. శవం పక్కన కూర్చుని వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. నీ పుణ్యానికి నా పాపమా అన్నాను.  అన్నేళ్లలో వాడు నాకు ఎదురు చెప్పకుండా ఉన్నది ఆ రోజే.

మాంసం కోయడంలో చెయ్యి తిరిగినవాణ్ణి. కీలు చూసి పెడితే నా కత్తి ఎముకకు తగలదు. ఆ రోజు చిటికెనవేలి ఎముకకు మళ్లీ మళ్లీ తగిలింది. కడిగి, తెల్లగుడ్డలో చుట్టి దాచుకున్నాను. బాగ్దాద్ మీదుగా అమ్మాన్, అక్కణ్ణించి విమానంలో బొంబాయి. దారిపొడవునా ఒకటే భయం, ఆ గాట్లు చూసి వాడి భార్య ఏమనుకుంటుందోనని.

పెన్న ఒడ్డున గంగులమ్మ గుడ్డ విప్పింది. ఎముక మీది గీతల్ని వేలితో తడిమింది. నేను తల దించుకున్నాను. 

"చెయ్యి ఇంతగానం వణికిందే బాషన్నా," అంది. "పట్టుకునేకి పక్కన ఒగరూ లేకపాయెనా నీకు?"

అంతవరకూ నేను ఏడవలేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ముందు నేనే ఇసుకలో కూలబడి ఏడ్చాను.